కంప్యూటర్ లోపల దుమ్ము: ప్లగ్ తీయడం నుంచి మళ్లీ ఆన్ చేసే దాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు?

ఎండలు ముదిరాక డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడేవారి నుంచి తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి, పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతోంది. రెండోది, ఫ్యాన్ మోత మిక్సీలా వినిపిస్తోంది కానీ కంప్యూటర్ మాత్రం నత్తనడక నడుస్తోంది.

వైరస్ వచ్చిందేమోనని కొందరు విండోస్ మళ్లీ వేయిస్తారు. ఇంకొందరు ర్యామ్ పెంచుతారు. డబ్బు ఖర్చవుతుంది, సమస్య అలాగే ఉంటుంది. అసలు కారణం చాలాసార్లు క్యాబినెట్ లోపల పేరుకున్న దుమ్ము.

దాన్ని తీయడం ఇంట్లో ఎవరైనా చేసుకోగల పనే. తీరిగ్గా ఒక గంట కేటాయిస్తే సరిపోతుంది. కానీ ఒక మాట ముందే చెప్పుకోవాలి. దుమ్ము నెలల తరబడి మెల్లగా చేసే నష్టాన్ని, తొందరపాటుగా చేసే శుభ్రత ఒక్క నిమిషంలో చేయగలదు. కరెంటు, స్టాటిక్ విద్యుత్తు, తేమ, తిరిగే ఫ్యాన్లు... ఈ నాలుగింటి విషయంలో జాగ్రత్త పడితే మిగతాదంతా సులువే.

దుమ్ముతో అసలు సమస్య ఏంటి?

వాడుకలో మనం ‘సీపీయూ’ అని పిలిచే పెట్టె నిజానికి క్యాబినెట్. సీపీయూ అంటే దాని లోపల మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రాసెసర్. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఒకటి 65 వాట్ల స్థాయిలో వేడిని వెలువరిస్తుంది. వెలుగుతున్న పాతకాలపు 60 వాట్ల బల్బును పట్టుకుంటే చేయి కాలుతుంది కదా. ప్రాసెసర్‌లో దాదాపు అంతే వేడి అగ్గిపెట్టె కన్నా చిన్న చోటు నుంచి పుడుతుంది.

ఆ వేడిని బయటకు లాగడానికి ప్రాసెసర్ మీద సన్నని లోహపు రేకులతో ఒక దిమ్మ ఉంటుంది. దాన్నే హీట్‌సింక్ అంటారు. దాని మీదున్న ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలిని తోస్తుంది. దుమ్ము సరిగ్గా ఈ సందుల్లోనే మెత్తటి దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాన్ ఎంత వేగంగా తిరిగినా గాలి అవతలికి వెళ్లదు. మోత పెరిగి, వేడి తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఉష్ణోగ్రత పరిమితి దాటబోతుంటే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు ఈ పరిమితి 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95 డిగ్రీలు. వేగం తగ్గినా వేడి అదుపులోకి రాకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. ఇది పాడవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

గది వేడి కూడా దీనికి తోడవుతుంది. గదిలో 25 డిగ్రీలు ఉన్నప్పుడు 70 దగ్గర నడిచే ప్రాసెసర్, అదే పని చేస్తూ 40 డిగ్రీల గదిలో సుమారు 85కి చేరుతుంది. చలికాలంలో కనిపించని లోపం మే నెలలో బయటపడేది అందుకే.

మన దేశంలో ఎందుకు ఎక్కువ?

గాలిలోని పీఎం 10 కణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక సగటు పరిమితి ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. భారత్‌లో 2009 నుంచి అమల్లో ఉన్న ప్రమాణం 60. దిల్లీ లాంటి నగరాల్లో గాలి ఈ 60ని కూడా దాటిపోతుంటుంది. ఉత్తర భారతంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వీచే దుమ్ము తుపాన్లు, ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక వీధిలో సాగే ఇళ్ల నిర్మాణం, తెరిచి ఉంచే కిటికీలు దీనికి అదనం.

దుమ్ము ఒక్కటే అయితే ఊదితే పోతుంది. వంటింటి తాలింపు నూనె ఆవిరి, అగరుబత్తి పొగ, సిగరెట్ పొగ కలిస్తే అది జిడ్డుగా మారి రేకులకు అతుక్కుంటుంది. సముద్ర తీర ప్రాంతాల్లో గాలిలోని ఉప్పు, తేమ దుమ్ముతో కలిసి లోహాన్ని తినేస్తాయి. చైనా, భారత్‌ల నుంచి పాడైన మదర్‌బోర్డులు ఎక్కువ సంఖ్యలో తిరిగి వస్తుండటాన్ని ఇంటెల్ సంస్థ గమనించిందని, గాలి కాలుష్యం వల్ల వాటిలోని రాగి దారులు తుప్పు పట్టాయని 2013లో వార్తలు వచ్చాయి.

పట్టిన తుప్పును శుభ్రత బాగు చేయలేదు. కానీ తేమను పట్టి ఉంచే దుమ్మును ఎప్పటికప్పుడు తీసేస్తే ఆ ముప్పు తగ్గుతుంది.

ఎప్పుడు శుభ్రం చేయాలి?

అందరికీ ఒకే లెక్క కుదరదు. మూడో అంతస్తులో, తలుపులు మూసిన ఏసీ గదిలో ఉన్న కంప్యూటర్‌కు ఏడాదికి ఒకసారి చాలు. రోడ్డు పక్కన ఉన్న జిరాక్స్ సెంటర్‌లో, నేల మీద పెట్టిన కంప్యూటర్‌కు మూడు నెలలకోసారి అవసరం కావచ్చు. మామూలు ఇంట్లో ఎండాకాలానికి ముందు ఒకసారి, దసరా సమయంలో మరోసారి అని గుర్తు పెట్టుకోవచ్చు. ఆయుధ పూజ నాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టే అలవాటు ఉంటే, గాలి రంధ్రాలకు దూరంగా పెట్టండి. పసుపు, కుంకుమ పొడి లోపలికి వెళ్తే అదీ దుమ్మే.

మొదలుపెట్టే ముందు ఒక కొలత తీసుకోండి. హెచ్‌డబ్ల్యూ మానిటర్, కోర్ టెంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, పది నిమిషాలు బరువైన పని చేయించాక ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. శుభ్రం చేశాక ఇవే కొలతలు మళ్లీ తీస్తే ఫలితం తెలిసిపోతుంది. ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేసుకోవడం కూడా ఇప్పుడే చేయాలి.

కంప్యూటర్ వారంటీలో ఉంటే క్యాబినెట్ మీద సీల్ స్టిక్కర్ ఉందేమో చూడండి. ఉంటే, విప్పడానికి ముందు వారంటీ షరతులు చదవాలి. అవసరమైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగండి.

మొదటి జాగ్రత్త: కరెంటు

విదేశీ గైడ్లు, వీడియోలు కొన్నింటిలో ఒక సలహా వినిపిస్తుంది. ప్లగ్ అలాగే ఉంచి స్విచ్ మాత్రం ఆపండి, ఎర్త్ తగిలి ఉంటుంది కాబట్టి స్టాటిక్ సమస్య రాదు అని. మన ఇళ్లలో ఈ సలహాను పాటించకపోవడమే మంచిది.

దీనికి రెండు కారణాలున్నాయి. మన గోడ స్విచ్‌లు సాధారణంగా రెండు తీగల్లో ఒక్కదాన్నే తెంచుతాయి. అది ఫేజ్ తీగే అయి ఉండాలి. పాత వైరింగ్‌లో, తెలియని చేతులు చేసిన పనిలో అది న్యూట్రల్ అయి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా ప్లగ్ దాకా కరెంటు ఉన్నట్టే. రెండో కారణం, మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ తీగ ఉందన్న హామీ లేదు.

నడుస్తున్న కంప్యూటర్ క్యాబినెట్‌ను తాకితే వేళ్లకు జిల్లుమంటోందా? అయితే మీ సాకెట్‌కు ఎర్త్ సరిగా లేదని అనుమానించాలి. దుమ్ము సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

చాలామంది మర్చిపోయేది యూపీఎస్ గురించి. గోడ నుంచి యూపీఎస్ ప్లగ్ తీసేసినా, లోపలున్న బ్యాటరీ వల్ల దాని వెనక సాకెట్లలో 230 వోల్టుల కరెంటు వస్తూనే ఉంటుంది. కాబట్టి తీయాల్సింది క్యాబినెట్‌కు వెళ్లే పవర్ కేబుల్. దాన్ని క్యాబినెట్ వెనక నుంచే లాగేయాలి.

క్రమం ఇలా ఉంటే మంచిది. విండోస్‌లో షట్‌డౌన్ చేయండి. స్లీప్ కాదు, పూర్తిగా షట్‌డౌన్. పవర్ కేబుల్ తీయండి. మానిటర్, కీబోర్డు, ఇంటర్నెట్, స్పీకర్ కేబుళ్లు తీసే ముందు వెనక వైపు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. అన్నీ తీశాక పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జ్‌లో చాలా భాగం దిగిపోతుంది. తర్వాత పది నిమిషాలు ఆగండి.

రెండో జాగ్రత్త: కంటికి కనిపించని షాక్

చలికాలంలో స్వెటర్ విప్పుతుంటే చిటపటలాడుతుంది కదా, అదే స్టాటిక్ విద్యుత్తు. మన ఒంటి నుంచి దాటే చార్జ్ సుమారు 3,000 వోల్టుల స్థాయికి చేరితే గానీ మనకు చురుక్కుమన్నట్టు తెలియదు. చిప్‌లకు అంతకన్నా చాలా తక్కువ వోల్టేజీ చాలు. అంటే మీకు ఏమీ తెలియకుండానే ఒక భాగం దెబ్బతినొచ్చు. దెబ్బతిన్న భాగం వెంటనే ఆగిపోకుండా, కొన్ని వారాల తర్వాత మొరాయించనూ వచ్చు.

పొడి గాలి ఉన్న చోట ఈ ముప్పు ఎక్కువ. అందువల్ల జనవరి నాటి దిల్లీలో దీని బెడద ఎక్కువగా, ఉక్కపోతగా ఉండే విశాఖలో తక్కువగా ఉంటుంది. తక్కువ అంటే లేదని కాదు.

నూలు బట్టలు వేసుకోండి. కార్పెట్ మీద కాకుండా మామూలు గచ్చు మీద పని చేయండి. లోపలి భాగాలను ముట్టుకునే ముందు, మధ్యమధ్యలోనూ, క్యాబినెట్‌లో రంగు వేయని లోహపు భాగాన్ని వేళ్లతో తాకుతూ ఉండండి. మీ శరీరం, క్యాబినెట్ ఒకే స్థాయికి వస్తాయి. యాంటీ స్టాటిక్ రిస్ట్ స్ట్రాప్ దొరికితే ఇంకా మంచిది. దాని క్లిప్పును ఆ లోహానికే తగిలించాలి.

దేనితో ఊదాలి?

చేత్తో నొక్కితే గాలి ఊదే రబ్బరు బంతి బ్లోయర్ అన్నిటికన్నా క్షేమం. కెమెరాల దుకాణాల్లో దొరుకుతుంది. దుమ్ము పలచగా ఉంటే ఇదీ, ఒక మెత్తటి కొత్త పెయింట్ బ్రష్షూ చాలు.

ఎలక్ట్రిక్ బ్లోయర్: సర్వీస్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బాగా పనిచేస్తుంది, కానీ దీని గాలి చాలా బలంగా ఉంటుంది. అతి తక్కువ వేగంలో పెట్టి, కనీసం ఒక అడుగు దూరం నుంచి వాడండి. ప్లాస్టిక్ మూతిని ఏ భాగానికీ తాకనివ్వొద్దు.

గాలి డబ్బాలు: స్ప్రే డబ్బాలో వచ్చే ‘ఎయిర్ డస్టర్’లలో నిజానికి ఉండేది గాలి కాదు, ద్రవంగా మార్చిన వాయువు. డబ్బాను నిటారుగానే పట్టుకోవాలి. వంచినా, తలకిందులు చేసినా గడ్డకట్టేంత చల్లటి ద్రవం భాగాల మీద పడుతుంది. చాలా రకాల్లోని వాయువు మండే గుణం ఉన్నది. పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గర వాడొద్దు.

పంక్చర్ షాపు గాలి: క్యాబినెట్‌ను బండి మీద పెట్టుకుని వెళ్లి కంప్రెసర్‌తో ఊదించుకొచ్చేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, నూనె తుంపరలూ ఉండొచ్చు. అవి గాలితో పాటు మదర్‌బోర్డు మీద పడతాయి. ఆ ఒత్తిడికి చిన్న భాగాలు ఊడిపోయే ప్రమాదమూ ఉంది.

వాక్యూమ్ క్లీనర్: ఇంట్లో వాడే వాక్యూమ్ మూతి దగ్గర గాలి రాపిడికి స్టాటిక్ పుడుతుంది. దాన్ని లోపల పెట్టొద్దు. ఎగిరే దుమ్మును పట్టడానికి క్యాబినెట్ బయట, దూరంగా పట్టుకోవచ్చు.

తడి బట్ట, గ్లాస్ క్లీనర్, హ్యాండ్ శానిటైజర్, హెయిర్ డ్రయ్యర్... వీటిలో ఏదీ వద్దు. నోటితో ఊదడం కూడా వద్దు, ఉమ్మి తుంపరలు పడతాయి. జిడ్డు వదలకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కాటన్ బడ్‌కు కొద్దిగా అద్ది తుడవొచ్చు. అది త్వరగా మండుతుంది కాబట్టి నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట వాడండి.

వరుసగా చేయాల్సిన పని

క్యాబినెట్‌ను బాల్కనీలోకో, వరండాలోకో తీసుకెళ్లండి. గదిలో ఊదితే ఆ దుమ్మంతా మీ ఊపిరితిత్తుల్లోకి, తర్వాత మళ్లీ కంప్యూటర్‌లోకే వెళ్తుంది. మాస్క్ పెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మేలు.

సాధారణంగా ముందు నుంచి చూస్తే ఎడమ వైపున్న పలకను తీయాలి. వెనక ఉండే స్క్రూలు విప్పి పలకను వెనక్కి జరిపితే వచ్చేస్తుంది. స్క్రూలను ఒక చిన్న గిన్నెలో వేయండి. మీ క్యాబినెట్‌కు గాజు పలక ఉంటే దాన్ని నేరుగా టైల్స్ మీద నిలబెట్టొద్దు. ఈ రకం గట్టి గాజు అంచు సిరామిక్ టైల్‌కు తగిలితే మొత్తం ఒక్కసారిగా పొడిపొడి అవుతుంది. మంచం మీదో, మడత పెట్టిన దుప్పటి మీదో పడుకోబెట్టండి.

లోపలి కేబుళ్లు ఎలా ఉన్నాయో ఇంకో ఫోటో తీసుకోండి. వాటిని ఊడదీయాల్సిన అవసరం మాత్రం లేదు.

పై నుంచి కిందికి శుభ్రం చేయండి. రెండు మూడు సెకన్ల చొప్పున, ఆగి ఆగి ఊదండి. ముందు మదర్‌బోర్డు మీదున్న పొడి దుమ్ము, తర్వాత ప్రాసెసర్ హీట్‌సింక్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, చివరగా అడుగు భాగం.

ఫ్యాన్ల దగ్గర ఒక్క నియమం తప్పకూడదు. ఊదే ముందు రెక్కను వేలితోనో, పెన్సిల్‌తోనో కదలకుండా పట్టుకోండి. గాలికి ఫ్యాన్ గిర్రున తిరగడం చూడటానికి సరదాగా ఉంటుంది. కానీ అది తట్టుకోగల వేగాన్ని మించి తిరిగితే లోపలి బేరింగ్ పాడవుతుంది. పైగా తిరిగే మోటారు చిన్న జనరేటర్‌లా మారి మదర్‌బోర్డులోకి కరెంటు పంపగలదు. రెక్కల మీద అతుక్కున్న దుమ్మును బ్రష్‌తో రెండు వైపులా తీయండి.

హీట్‌సింక్‌లో దుమ్ము దుప్పటి ఫ్యాన్‌కు, రేకులకు మధ్య ఉంటుంది. పక్క నుంచి ఊదితే వదులవుతుంది. ఉండలుగా వచ్చినదాన్ని ప్లాస్టిక్ పట్టకారుతో మెల్లగా లాగేయండి. రేకులు పలచగా ఉంటాయి, వంచొద్దు.

క్యాబినెట్ ముందు, పైన, అడుగున జాలీలు ఉంటే విడిగా తీసి కుళాయి కింద కడగొచ్చు. నీళ్లు తగలదగిన భాగం ఇదొక్కటే. నీడలో పూర్తిగా ఆరాకే తిరిగి బిగించాలి. చెమ్మగా ఉన్న జాలీని పెట్టడం కన్నా ఆ పూటకు పని ఆపుకోవడం నయం.

వీటి జోలికి వెళ్లొద్దు

పవర్ సప్లై: వెనక ఫ్యాన్‌తో కనిపించే లోహపు పెట్టె ఇది. దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా చార్జ్ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా అది కొంతసేపు నిలిచి ఉండొచ్చు, ప్రాణం మీదికి తేవచ్చు. ఫ్యాన్ రెక్కను కదలకుండా పట్టుకుని బయట నుంచి గాలి ఊదడం వరకే మన పని. లోపలికి వేలు గానీ, లోహపు వస్తువు గానీ పెట్టొద్దు.

ప్రాసెసర్ హీట్‌సింక్: దీని కింద వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఉంటుంది. హీట్‌సింక్‌ను ఒకసారి తీస్తే పాత పేస్ట్ తుడిచి కొత్తది రాయాల్సిందే. కొన్ని ఏఎండీ కంప్యూటర్లలో ఎండిన పేస్ట్ వల్ల హీట్‌సింక్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగిపోతాయి. అలవాటు లేకపోతే టెక్నీషియన్‌కు వదిలేయండి.

హార్డ్ డిస్క్: చాలా డిస్క్‌ల మీద సూదిమొన అంత రంధ్రం, మూయవద్దన్న హెచ్చరిక కనిపిస్తాయి. అది లోపలి గాలి ఒత్తిడిని సరిచేసే దారి. అందులోకి ఊదొద్దు.

ర్యామ్ తీసి బంగారు రంగు అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ఒక్కోసారి పని చేసినట్టే కనిపిస్తుంది. కానీ రుద్దిన కొద్దీ పైపూత అరుగుతుంది, రబ్బరు పొట్టు స్లాట్‌లోకి చేరుతుంది. అంచులు మురికిగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే సరి.

మళ్లీ ఆన్ చేశాక

పలక బిగించే ముందు ఏ స్క్రూ గానీ, బ్రష్ వెంట్రుక గానీ లోపల పడలేదని చూసుకోండి. కేబుళ్లు ఏవీ ఫ్యాన్ రెక్కలకు తగలకూడదు. తర్వాత పలక పెట్టి, ఫోటో చూసుకుంటూ కేబుళ్లన్నీ కలిపి, చివరగా పవర్ కేబుల్ పెట్టండి.

ఆన్ చేస్తే తెర మీద ఏమీ రాలేదా? కంగారు పడొద్దు. చాలాసార్లు కారణం చిన్నదే. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్‌ను పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు పెట్టారేమో చూడండి. అది కాకపోతే పవర్ కేబుల్ తీసేసి, పది నిమిషాలు ఆగి, లోపలి కనెక్టర్లు వదులయ్యాయేమో చూడండి. ర్యామ్‌ను తీసి, రెండు వైపులా క్లిక్ మనేలా నొక్కి పెట్టండి.

కాలిన వాసన, పొగ, చిటపట శబ్దం వస్తే మాత్రం వెంటనే మెయిన్ ఆపేయండి. మరోసారి ఆన్ చేసి చూడటం లాంటివి వద్దు.

అంతా సరిగా ఉంటే ముందు రాసుకున్న ఉష్ణోగ్రతలతో పోల్చండి. తగ్గితే పని జరిగినట్టే. ఏమాత్రం తగ్గకపోతే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా ఫ్యాన్ అరిగిపోయి ఉండొచ్చు. ఆ రెండు కొలతలు టెక్నీషియన్‌కు చూపించండి. అనవసరంగా ర్యామ్, విండోస్ అంటూ ఖర్చు పెట్టే అవసరం తప్పుతుంది.

దుమ్ము త్వరగా చేరకుండా ఉండాలంటే క్యాబినెట్‌ను నేల మీద నుంచి కనీసం అడుగు ఎత్తున పెట్టండి. చీపురుతో ఊడ్చే దుమ్ములో ఎక్కువ భాగం నేలకు దగ్గరగానే ఎగురుతుంది. వెనక గోడకు ఒక జానెడు ఖాళీ వదలండి. వెనక వాడని స్లాట్లకు రేకు మూతలు ఊడిపోయి ఉంటే కొత్తవి పెట్టించండి. దుమ్ముతో పాటు బొద్దింకలు, బల్లులు దూరేది అక్కడి నుంచే. గుడ్డ కవర్ కప్పే అలవాటు ఉంటే కంప్యూటర్ ఆపేసి, చల్లబడ్డాకే కప్పండి. నడుస్తున్న కంప్యూటర్ మీద కవర్ ఉంటే, మీరు ఇంత కష్టపడి తెరిచిన గాలి దారులను మళ్లీ మూసేసినట్టే.